రాచడేగ నీడ

కృష్ణదేవిపేటలో మధ్యాహ్నవేళ తల యెత్తి చూచినచో, మన్యపు కొండలమీదుగా వచ్చు గాలిలో రెక్క కదపక తేలుచు తిరుగు పక్షి యొకటి తరచు కనబడును. రొమ్ము తెలుపు, వీపు కావిరంగు అయినచో అది గరుడపక్షి. పెద్దలు దానిని చూచి చెంపలు వేసికొని చేతులు జోడింతురు. అదే సమయమున పెరటిలో కోడిపిల్లలను కాచుకొనుచున్న ఇల్లాలు మాత్రము, వచ్చినది గరుడుడా, వట్టి గద్దయా యని విచారింపక, చేతనున్న చీపురెత్తి అదలించును. మా దృష్టిలో ఇరువురిదియు న్యాయమే. రాజుల చరిత్రలో ఈ వేటపక్షి సంపాదించిన గౌరవమంతయు ఈ రెండు చూపుల నడుమనే యున్నది.

పక్షులలో అందమైనది నెమలి. వివేకమునకు పేరుపొందినది హంస. అయినను పెక్కు దేశములలో రాజులు తమ జెండాకొనకు ఎక్కించుకొన్నది పిల్లలను తన్నుకొనిపోవు పక్షిని. ఎందుచేత? బలముగలది గనుక అని చప్పున చెప్పవచ్చును. అంతమాత్రమే యైనచో ఏనుగు చాలును. పైనుండి వచ్చునది, ఎవరిపై వాలునో ముందుగా తెలియనిది, వాలినను నిలుచునను నమ్మకము లేనిది. ఈ గుణములే దానిని రాచపక్షిని చేసినవని మా అభిప్రాయము. పారసీకుల పురాతనగాథలు ఈ సంగతిని మిక్కిలి స్పష్టముగా చెప్పుచున్నవి గనుక ముందుగా అచ్చటికి పోదుము.

గ్రీకు రచయిత జెనొఫొన్ క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున వ్రాయుచు, సైరస్ చక్రవర్తి ధ్వజము పొడవైన ఈటె కొనపై రెక్కలు చాచిన బంగారుపక్షి యనియు, తన కాలమువరకు పారసీకరాజుల ధ్వజము అదియే యనియు చెప్పెను. ఆయన పారసీకుల కొలువున సైనికుడుగా నుండి, క్రీ. పూ. 401లో జరిగిన కునాక్సా యుద్ధమున రాజధ్వజమును గూర్చి ప్రత్యక్షముగ వినినవాడు. పెర్సిపోలిస్ శిథిలములలో దొరికిన చిన్న నీలిపలకయొకటి టెహరాన్ జాతీయ ప్రదర్శనశాలలో కలదు. దానిపై రెక్కలు రెండువైపుల చాచి, ఎదుటికి రొమ్ము చూపి, కాళ్లలో గుండ్రని వస్తువులను పట్టుకొనిన డేగ చెక్కబడియున్నది. తరువాతివారు ఈ పక్షికి పెట్టిన పేరు షాబాజ్. షా అనగా రాజు, బాజ్ అనగా డేగ. మనము మెచ్చుకోలుగా పలుకు 'శభాష్' దీనినుండి పుట్టినదని కొందరనుకొందురు గాని అది పొరపాటు. 'సంతోషముగ నుండుము' అను అర్థముగల 'షాద్ బాష్' అను పారసీ మాటయే మన నోట శభాషైనది.

జెండాకంటె పాతది కథ. జరథుష్ట్రమతస్థుల పవిత్రగ్రంథమగు అవెస్తాలో యిముడను ఆదిరాజు కలడు. ఇతడు మన వేదములలోని యమునకు సోదరప్రాయుడు; పేరు కూడ ఒక్కటియే. అతని యేలుబడిలో చలి లేదు, ఎండ లేదు, ముసలితనము లేదు, చావు లేదు. ఆ రాజు నందు 'ఖ్వరెనహ్' అను తేజస్సు ఉండెను. అది యున్నంతకాలమే రాజు రాజు. ఒకనాడు యిముడు అసత్యమునకు మనసిచ్చెను. తక్షణమే ఆ తేజస్సు అందరును చూచుచుండగా డేగరూపమున అతనిని విడిచి యెగిరిపోయెను. ఒక్కమారు కాదు, మూడు మారులు. ఒకమారు మిత్రదేవుడును, మరియొకమారు త్రయేతనుడను వీరుడును, మూడవమారు కెరెసాస్పుడను వీరుడును దానిని పట్టుకొనిరి. యిముడు మాత్రము దిక్కు తోచక తిరిగి నశించెను.

కిరీటమును పెట్టెలో పెట్టి తాళము వేయవచ్చును. ఈ పక్షిని వేయలేము. రాజ్యము రాజుదికాదు, రాజుపై వాలినదానిది అని చెప్పుటకు ఇంతకంటె సూటియైన కథ మాకు మరియొకటి తెలియదు. రాజులు ఈ పక్షిని జెండాపై కుట్టించుకొనిరి గాని, అది యెగిరిపోవు భాగమును కుట్టించుకొన్నట్లు కనబడదు.

పారసీకుల మరియొక మహాపక్షి సీముర్గ్. దీని పాతపేరు అవెస్తాలో 'సయేన'. సంస్కృతములో డేగకు 'శ్యేనము' అని పేరు. ఈ రెండును ఒకే మాటకు రెండు ఉచ్చారణలు. ఋగ్వేదమున దివినుండి సోమమును తెచ్చినది శ్యేనము. యజ్ఞవేదికలలో శ్యేనాకారమున ఇటుకలు పేర్చి కట్టు చితి యొకటి. శిబిచక్రవర్తిని పరీక్షించుటకు ఇంద్రుడు ధరించినది శ్యేనరూపము. పారసీకమున అదే పక్షి కొండపై గూడుకట్టి అనాథశిశువును పెంచినది. క్రీ. శ. 1010లో ఫిరదౌసి ముగించిన షానామాలో జాల్ అను బిడ్డ తెల్లజుట్టుతో పుట్టగా, తండ్రి సిగ్గుపడి ఎల్బర్జు పర్వతమున పారవేయించెను. సీముర్గ్ ఆ బిడ్డను తన పిల్లలతోపాటు పెంచి, తిరిగి తండ్రికి అప్పగించునాడు తన ఈక నిచ్చి, కష్టము వచ్చినప్పుడు దీనిని కాల్చుము, వచ్చెదనని చెప్పెను. జాల్ కుమారుడే రుస్తుము. గోళ్లు గల పక్షిలో తల్లితనమును చూచిన కథ యిది. మన ఇల్లాలు ఒప్పుకొనకపోవచ్చును.

మూడవది హుమా. ఇది నేలపై వాలదని, దీని నీడ యెవని తలపై పడునో వాడు రాజగునని జనులు నమ్మిరి. ఎముకలు తిని బ్రతుకును గాని ప్రాణిని హింసింపదని సాదీ మొదలగువారు దీనిని పొగడిరి. ఎముకలను ఎత్తుకొనిపోయి బండలపై జారవిడిచి పగులగొట్టి తిను గడ్డపురాబందు హిమాలయములందును పారసీకపు కొండలందును కలదు గనుక, కథ వట్టి గాలిలోనుండి పుట్టలేదని ఊహింపవచ్చును. ఈ హుమా పేరునుండియే 'హుమాయూన్' అను మాట పుట్టినది. శుభకరమైన, రాచసంబంధమైన అని అర్థము. రాజు పంపు ఫర్మానాకు కూడ ఈ విశేషణమును తగిలించుట దక్కనులో వాడుకయైనది. హైదరాబాదునందలి హుమాయూన్‌నగరు మీదుగా బస్సులో పోవువారు ఒక పక్షి నీడలోనుండి పోవుచున్నామని తలచుకొనరు గదా!

ఆ పేరు పెట్టుకొని తెలుగునాటికి వచ్చిన సుల్తాను గూర్చి చెప్పవలెను. బహమనీ వంశపు హుమాయూన్ షా 1458లో బీదరునందు సింహాసన మెక్కెను. ఆనాడు నల్లగొండసీమలోని దేవరకొండ రేచర్ల వెలమనాయకుల చేతిలో నుండెను. 1459లో సుల్తాను సేనలు దేవరకొండను ముట్టడించినవి. కోటలోని లింగమనేడు ఓఢ్రదేశాధీశుడైన కపిలేశ్వర గజపతి సాయమును కోరెను. ఆనాడు మన విశాఖసీమయు గజపతుల యేలుబడియందే యుండెను. గజపతిసేన వెనుకనుండి వచ్చిపడగా, అదే సమయమున కోటతలుపులు తెరచి వెలమలు ముందునుండి పడిరి. ఇరువురి నడుమ చిక్కిన బహమనీసేన చెల్లాచెదరైనది. సుల్తాను ప్రతీకారము తీర్చుకొనవలెనని తలచుచుండగనే బీదరులో తిరుగుబాటు పుట్టినదని వార్త వచ్చెను. అతడు వెనుకకు మరలి, తిరుగుబాటుదార్లపై జరిపిన క్రూరకృత్యములు ఎంతటివనగా, శుభపక్షి పేరు గల ఆ రాజును చరిత్రకారులు 'జాలిమ్', అనగా క్రూరుడు, అను బిరుదుతోనే తలచిరి. ఏలినది మూడేండ్లు. 1461లో మరణించెను. బీదరు దగ్గర అష్టూరులో బహమనీ గోరీలు వరుసగా నిలిచియున్నవి. వానిలో ఇతని గోరీ పిడుగుపడి సగము కూలినది. నిలిచిన సగములో గుమ్మటపు మందము చీల్చిన పనసకాయవలె కనబడును.

ఇంతవరకు పరదేశపు పక్షులే. మన పక్షి యేది యని శ్రోతలు అడుగవచ్చును. బ్రౌనుదొర 1852లో ప్రకటించిన నిఘంటువు తెరచినచో 'సాళువము' అను మాట కనబడును. వేటకు పెంచు డేగ అని అర్థము. బైరి, జాలె, లగడు మొదలగు పేర్లతో ఒకనాడు తెలుగువారు డేగలలో జాతులను వేరుచేసి పిలిచెడివారు. నేడు ఆ పేర్లు చెప్పినచో గుర్తించువారు అరుదు. కాని సాళువ శబ్దము మాత్రము పక్షిని వదలి చరిత్రలో స్థిరపడినది. విజయనగరము నేలిన రెండవ వంశము సాళువవంశము గదా.

ఆ పేరు వచ్చిన విధము పారసీకకథకు పూర్తిగ ఎదురుగా నున్నది. 14వ శతాబ్దమున బుక్కరాయల కుమారుడు కంపరాయలు మధుర సుల్తానులపై దండెత్తినప్పుడు మంగు అను సేనాని వెంట నడచి పేరుపొందెను. ఆ వంశమునకు సాళువ అను పేరు యుద్ధములలో సంపాదించినదే. 'పక్షి' యనగా రెక్కలు గలది యనియు, ఒక పక్షమువాడు అనియు రెండర్థములు గలవు గనుక, పరపక్షులపై సాళువమని చెప్పుకొనుటకు మాట కూడ చక్కగా కుదిరినది. దివినుండి పక్షి వచ్చి ఇతని తలపై వాలలేదు. ఇతడే పక్షియై యితరులపై వాలెను. అదియును తన కొరకు కాదు, యజమాని కొరకు. వేటడేగ అటువంటిదే గదా. ఎగురునది అది, పిట్ట చేరునది యజమాని సంచిలోనికి.

మంగుని వంశములో పుట్టిన సాళువ నరసింహుడు చంద్రగిరిలో మండలాధిపతిగా నుండి, 'కఠారి సాళువ' అను బిరుదమును ధరించెను. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతమును ఈయనకే అంకితమిచ్చెను. సంగమవంశపు కడపటి రాజులు అసమర్థులు కాగా, 1485లో నరసింహుడు విజయనగర సింహాసనమును తానే ఆక్రమించెను. యజమాని చేతిపైనున్న డేగ యజమాని గద్దెపైనే కూర్చున్నదన్నమాట. రాజ్యము కూలకుండ నిలిపినాడని చరిత్రకారులు మెచ్చుకొందురు. అది నిజమే. కాని గజపతులతో జరిగిన యుద్ధమున ఉదయగిరిని పోగొట్టుకొనెను. 1491లో చనిపోవుచు చిన్నవారైన కుమారులను తన సేనాని తుళువ నరసనాయకునకు అప్పగించెను. సంగములకు తాను చేసినదానినే తుళువలు తన పిల్లలకు చేసిరి. 1505 నాటికి సాళువల రాచరికము ముగిసెను.

వంశము పోయినను పేరు పోలేదు. తుళువవంశపు కృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరుసు. రాయలు 'అప్పాజీ' యని పిలిచిన ఈ వృద్ధుని గూర్చి మనవారికి వేరుగ చెప్పనవసరము లేదు. 1514లో ఉదయగిరియు, 1515లో కొండవీడును తిరిగి విజయనగరము వశమైనవి. అటుపై సేన ఉత్తరముగ సాగి మన సీమకు వచ్చినది. సింహాచలమున 1516 నాటి రాయల శాసనమును నేటికిని చూడవచ్చును. దేవేరులతో వచ్చి స్వామికి నగలు సమర్పించిన వైనము అందు కలదు. పొట్నూరున జయస్తంభమును నాటించెను. సంధి కుదిరి గజపతి తన కుమార్తెను రాయల కిచ్చి వివాహము చేయగా, కృష్ణకు ఉత్తరమునగల దేశమును రాయలు తిరిగి యిచ్చివేసెను. అనగా విశాఖసీమపై సాళువము వాలినది గాని నిలువలేదు.

ఇక తిమ్మరుసు కథ. పూర్వము డేగలను వేటకు అలవాటు చేయువారు, కొత్తగా పట్టిన పక్షి కనురెప్పలను దారముతో కుట్టి కొన్నాళ్లు చీకటిలో నుంచెడివారు. పిమ్మట కుట్లు విప్పి, వేట లేనప్పుడు తోలుటోపీతో కండ్లు మూసెడివారు. యజమానికి పనిబడినప్పుడు మాత్రమే దానికి చూపు. 1530 ప్రాంతములందు విజయనగరమున నుండిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమునుబట్టి, రాయలు ఆరేండ్ల కుమారునకు పట్టము కట్టగా, ఆ బాలుడు అనతికాలములోనే మరణించెను. విషప్రయోగమని అనుమానము పుట్టినది. నేరము తిమ్మరుసు కొడుకుపై పడినది. రాయలు నిండుకొలువులో వృద్ధమంత్రిని నిందించి, కొడుకుతోపాటు చెరలో పెట్టించి, తుదకు వారి కండ్లు తీయించెను. ఆ చెరలోనే తిమ్మరుసు మరణించెను. ఈ కథకు నూనిజ్ మాటయే ఆధారము. అతడు కొలువులోని గుసగుసలనే విని వ్రాసియుండవచ్చును. అయినను చదివిన ప్రతిసారియు మాకు ఆ కుట్టిన కనురెప్పలే జ్ఞాపకము వచ్చును.

రాయల తరువాత 1529లో గద్దె నెక్కిన అచ్యుతదేవరాయలకు ఆ గద్దె సులభముగ దక్కలేదు. అల్లుడు రామరాయలు వేరొక బాలుని నిలబెట్టవలెనని యత్నించెను. అట్టి రాజు తన బంగారునాణెములపై ముద్రించుకొన్నది ఒక తల గల డేగను కాదు, రెండు తలల గండభేరుండమును. కొన్నిటిపై ఆ పక్షి ముక్కులతోను గోళ్లతోను ఏనుగులను పట్టియుండును. చిటికెనవ్రేలి గోరంత బంగారుబిళ్లపై నాలుగేనుగులు! గండభేరుండము దక్షిణాపథమున పాతదే. బళ్లిగావెలో 1047 నాటి స్తంభముపై అది మనుష్యశరీరముతో నిలిచియున్నది. బేలూరి గుడిలో ఒక శిల్పము కలదు: లేడిని కొండచిలువ మ్రింగుచుండును, కొండచిలువను ఏనుగు, ఏనుగును సింహము, సింహమును శరభము, శరభమును గండభేరుండము పట్టును. అందరికంటె పైన తినువాడే రాజు అని శిల్పి తాత్పర్యమైనచో, అంత నిష్కపటముగా రాజనీతిని చెప్పినవారు లేరు. చివరను ఒక ముని నిలిచి ఆ వరుసను చూచి విస్తుపోవుచుండును. గద్దె కదలుచున్న కొలదియు రాజునకు పెద్దపక్షి కావలసివచ్చునని అచ్యుతుని నాణెమును చూచినప్పుడు మాకు తోచును.

టిప్పుసుల్తాను ఉదంతమును ఇచ్చట ఒక మాటలో చెప్పి పోదుము. ఆయన బంగారుసింహాసనపు పందిరిపై రత్నములు తాపిన హుమాపక్షి యుండెను. 1799 మే 4న శ్రీరంగపట్టణము పడిపోగా, కొల్లసొమ్ము పంచువారు సింహాసనమును ముక్కలు చేసిరి. హైదరాబాదు నిజాము సేనలు ఆ యుద్ధమున ఇంగ్లీషువారి పక్షముననే నిలిచినవి. హుమా మాత్రము ముక్కలు కాలేదు. దానిని ఇంగ్లండు రాజగు మూడవ జార్జికి కానుకగా పంపిరి. నేడది విండ్సరు కోటలో కలదు. పావురమంత పక్షి, ముక్కున పచ్చ వ్రేలాడుచుండును. నేలపై వాలదని చెప్పబడిన పక్షి అట్లు దేశమే దాటిపోయినది.

పారసీకకవి అత్తారు 12వ శతాబ్దమున పక్షులన్నియు తమ రాజైన సీముర్గును వెదకుచు పోయిన కథను వ్రాసెను. ఏడు లోయలు దాటి గమ్యము చేరినవి ముప్పది పక్షులే. పారసీలో 'సీ' అనగా ముప్పది, 'ముర్గ్' అనగా పక్షి. ఎదుట చూచిన రాజు తామే యని వానికి అప్పుడు తెలిసినది. రాజులకు ఇష్టమైన పక్షికథలలో ఇది చేరదు.

కృష్ణదేవిపేటలో గరుడపక్షి తిరుగు ఆకాశము క్రింద ఒక సమాధి కలదు. రాజనునది ఆయన పేరులోనిదే గాని, నాణెము లేదు, ధ్వజము లేదు, కొలువు లేదు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసుఠాణాపై పడి, మరునాడు ఈ కృష్ణదేవిపేట ఠాణాపైని, 24న రాజవొమ్మంగి ఠాణాపైని దాడి చేసెను. మన్యమున రోడ్లవేతకు గిరిజనులచేత చేయించిన వెట్టి, అడవి చట్టములు ఆ తిరుగుబాటునకు కారణములు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను చెట్టుకు కట్టి కాల్చిచంపిరి. దేహమును తెచ్చి ఇచ్చట దహనము చేసిరి. ఠాణాలనుండి తీసికొనిన తుపాకులు, తూటాల లెక్కను అచ్చటి పుస్తకములోనే వ్రాసి, క్రింద సంతకము చేసి పోయెనని ప్రసిద్ధి.